అడిగే ప్రోగ్రాముకు ముందే రాసిన జవాబులు

మునుపు వానలు ఇప్పటికంటే బాగా కురిసేవా? మిట్టేమరి చుట్టుపక్కల వేరుశెనగో రాగో వేసే ఏ ఇంట్లో కూర్చున్నా ఈ మాట వస్తుంది. ఈ ఊరున్న కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. చిత్రావతి నంది కొండల వైపు పుట్టి బాగేపల్లి మీదుగా పుట్టపర్తి దిక్కు పోతుంది గానీ, చాలా నెలలు అందులో ఇసుకే కనిపిస్తుంది. చెరువుకైనా బోరుకైనా చేనికైనా వానే దిక్కు. పెద్దవాళ్ళు చెప్పే పాత వానల్లో నిజమెంత, ముచ్చటెంత అని తేల్చుకోవాలనిపించడం సహజమే.

ఈ ఊళ్ళ నుంచి బెంగళూరుకు పోయి కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు ఇప్పుడు తక్కువేమీ లేరు. పెద్ద రోడ్డు మీద బాగేపల్లికీ బెంగళూరుకూ నూరు కిలోమీటర్లే దూరం. వాళ్ళకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. వాన లెక్క ఉంది. లెక్క తీసే ప్రోగ్రామూ ఉంది. ఆ ప్రోగ్రాము మాత్రం ఒక్క పని చేసి ఆగి, తరువాత ఏం చెయ్యమంటావని మన మొహం చూస్తుంది. నూటిరవై సంవత్సరాలకు నూటిరవై సార్లు అదే జవాబు కొడుతూ కూర్చోవాల్సిందేనా?

ఒక ఫైలులో ఒక ఏడాది వాన

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దేశమంతటా వానమాపకాలు పెట్టి రోజూ లెక్క రాయించడం దాని పాత పని. ఆ లెక్కలను కలిపి ఆ శాఖ ఒక పెద్ద పట్టిక తయారుచేసింది. దేశం పటం మీద అడ్డంగా, నిలువుగా పావు డిగ్రీకి ఒక గీత గీసి, గీతలు కలిసే ప్రతి బిందువు దగ్గరా ఆ రోజు ఎంత వాన పడిందో అంచనా కట్టారు. 2014లో దీన్ని వివరిస్తూ వెలువడిన పరిశోధన ప్రకారం 6,955 వానమాపకాల లెక్కలు ఇందులో కలిశాయి. లెక్క 1901తో మొదలవుతుంది.

అడ్డంగా 135 బిందువులు, నిలువుగా 129. అంటే రోజుకు 17,415 అంకెలు. ఏడాదికి ఒక ఫైలు, ఒక్కో ఫైలులో అరవై మూడు లక్షలకు పైగా అంకెలు. అన్నీ కంప్యూటరుకు అర్థమయ్యే రూపంలో కుక్కి ఉంటాయి కాబట్టి మామూలుగా తెరిచి చూస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనిపించదు. అందులోంచి మనకు కావలసింది ఒక్క బిందువు. బాగేపల్లికి దగ్గరి బిందువు ఉత్తర అక్షాంశం 13.75, తూర్పు రేఖాంశం 77.75. పావు డిగ్రీ అంటే నేల మీద ఇరవై ఏడు కిలోమీటర్ల చిల్లర. కాబట్టి ఈ బిందువు చెప్పేది ఏ ఒక్క ఊరి వానో కాదు, ఆ పరగణా వాన.

ఇలాంటి ఫైళ్ళను చదివే ప్రోగ్రాముల్లో పేరున్నది గ్రాడ్స్. అమెరికాలో కోలా అనే వాతావరణ పరిశోధన కేంద్రంలో బ్రయన్ డోటీ దీన్ని తయారుచేశాడు. ఉచితంగా దొరుకుతుంది. మన వాతావరణ శాఖ లెక్కలు కూడా దీనితో తేలిగ్గా తెరుచుకునేలా ఉంటాయి.

గ్రాడ్స్‌ను నడిపితే ముందు ఒక ప్రశ్న వేస్తుంది: కాగితం అడ్డంగానా, నిలువుగానా? బొమ్మలు గీసే ప్రోగ్రాము కాబట్టి దానికి అది ముఖ్యం. జవాబిచ్చాక ‘జీఏ’ అన్న రెండక్షరాలు, ఒక బాణం గుర్తు చూపి ఆగుతుంది. అంటే, చెప్పు, వింటున్నానని. మనం ఓపెన్ అని ఫైలు పేరు ఇస్తాం. సెట్ లాట్ 13.75 అంటాం, సెట్ లాన్ 77.75 అంటాం. ఒకటో రోజు నుంచి చివరి రోజు దాకా వాన కూడి చూపమంటాం. ఫలితం ఇంత అని ఒక వరుస వస్తుంది. క్విట్ అంటే మూసుకుంటుంది. ఇలా మాటకు మాటగా నడిచేదాన్ని ముఖాముఖి ప్రోగ్రాము అందాం.

ఒక్క ఏడాదికైతే ఇది సరదాగానే ఉంటుంది.

అంగడికి చీటీ

అంగడికి మనమే పోతే శెట్టి ఇంకేం కావాలని అడుగుతూ ఉంటాడు, మనం ఒక్కొక్కటీ చెబుతూ ఉంటాం. అదే పిల్లవాణ్ని పంపిస్తే చీటీ రాసిస్తాం. శెట్టి ఇంకేం కావాలని అడిగినప్పుడల్లా పిల్లవాడు చీటీలో తరువాతి వరుస చదువుతాడు. సరుకులు వచ్చేస్తాయి. ఎదురుగా నిలబడింది ఇంటి పెద్దా, చీటీ పట్టుకున్న పిల్లవాడా అన్నది శెట్టికి అవసరం లేదు.

ముఖాముఖి ప్రోగ్రాములు చాలావాటికి సరిగ్గా ఇంతే పట్టింపు. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో ప్రతి ప్రోగ్రాముకూ పుట్టుకతోనే ఒక రాకడ దారి, ఒక పోకడ దారి ఉంటాయి. రాకడ దారిని స్టాండర్డ్ ఇన్‌పుట్ అనీ, పోకడ దారిని స్టాండర్డ్ అవుట్‌పుట్ అనీ అంటారు. మామూలుగా రాకడ దారి అవతలి కొన కీబోర్డు, పోకడ దారి అవతలి కొన తెర. ప్రోగ్రాముకు తన దారుల నుంచి అక్షరాలు వస్తున్నాయా లేదా అన్నదే లెక్క. కొన మార్చి అక్కడ ఒక ఫైలునో, ఇంకో ప్రోగ్రామునో తగిలిస్తే అది పని ఆపదు.

ఒక ప్రోగ్రాము పోకడను ఇంకో ప్రోగ్రాము రాకడకు కలిపే గొట్టాన్ని పైపు అంటారు. బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ ఈ ఆలోచనను ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాడు. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో పెట్టాడు. చీటీని స్క్రిప్టులోనే, ఆజ్ఞ కిందనే రాసేసే పద్ధతికి హియర్ డాక్యుమెంట్ అని పేరు. 1979లో ఏడో కూర్పు యూనిక్స్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్లులో అది ఉంది. షెల్ అంటే మనం కొట్టే ఆజ్ఞలను అందుకుని కంప్యూటరు చేత పని చేయించే ప్రోగ్రాము. ఆ ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా రాసిపెడితే అది షెల్ స్క్రిప్టు.

హియర్ డాక్యుమెంట్ రాయడం తేలిక. గ్రాడ్స్‌ను పిలిచి, ఫలానా గుర్తు కనబడేదాకా వచ్చే వరుసలన్నీ నీకే అని చెబుతాం. కింద ఓపెన్, సెట్ లాట్, సెట్ లాన్ వరుసలు. చివర ఆ గుర్తు. గుర్తు వరుస మొదట్లో, ఒంటరిగా ఉండాలి. అందంగా ఉండాలని దాని ముందు నాలుగు ఖాళీలు వదిలితే షెల్ దాన్ని గుర్తుపట్టదు, మిగతా స్క్రిప్టునంతా చీటీలో భాగంగానే చదువుకుంటూ పోతుంది.

ఇప్పుడు ఆ కాగితం ప్రశ్న సంగతి. చీటీలో మొదటి వరుస ఓపెన్ అనుకోండి. గ్రాడ్స్ ముందుగా కాగితం అడ్డమా నిలువా అని అడుగుతుంది. రాకడ దారిలో మొదట వచ్చింది ఓపెన్ వరుస. దాన్నే ఆ ప్రశ్నకు జవాబుగా మింగేస్తుంది. ఫైలు తెరుచుకోదు, తరువాతి వరుసలన్నీ ఫైలే లేదన్న ఫిర్యాదుతో తిరిగొస్తాయి. కొత్తవాళ్ళు ఇక్కడ ఫైలు చెడిపోయిందనుకుని ఫైలు చుట్టూ తిరుగుతారు. దీనికి రెండు దారులు: చీటీ పైన ఒక ఖాళీ వరుస వదలడం, లేదా పిలిచేటప్పుడే అడ్డమని చెప్పి ప్రశ్నే రాకుండా చెయ్యడం. రెండోదే మేలు. ప్రశ్న వస్తుందో రాదో తెలియని చోట జవాబు సిద్ధం చేసిపెట్టడం కంటే, ప్రశ్నను ముందే తీసేయడం ఎప్పుడూ గట్టి పద్ధతి.

చుట్టు లోపలా, బయటా

ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ఏర్పాటును లూప్ అంటారు, మనం చుట్టు అందాం. 1901 నుంచి 2020 దాకా ఒక్కో సంవత్సరాన్నీ తీసుకుని ఇలా చెయ్యి అని షెల్లుకు చెప్పడం రెండు వరుసల పని. చిక్కంతా చుట్టును ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఉంది.

మొదటి పద్ధతిలో చుట్టు బయట తిరుగుతుంది. ఒక్కో సంవత్సరానికి గ్రాడ్స్‌ను కొత్తగా పిలిచి, ఆ సంవత్సరం అంకె వేసిన చిన్న చీటీ ఇచ్చి, జవాబు తీసుకుని, మూసేస్తాం. నూటిరవై సార్లు తెరిచి నూటిరవై సార్లు మూయడం. హియర్ డాక్యుమెంట్‌లో సంవత్సరం ఉండాల్సిన చోట ఒక పేరు పెడితే, షెల్ ప్రతి చుట్టుకూ ఆ పేరు స్థానంలో అసలు అంకె వేసి ఇస్తుంది. గ్రాడ్స్‌ను పిలిచే వరుసలో ఆ ముగింపు గుర్తును కోట్ గుర్తుల మధ్య పెడితే మాత్రం వెయ్యదు. ఆ పేరే ఉన్నదున్నట్టు గ్రాడ్స్‌కు పోతుంది, అలాంటి ఫైలు లేదని జవాబొస్తుంది.

రెండో పద్ధతిలో గ్రాడ్స్‌ను ఒక్కసారే పిలుస్తాం. చుట్టు చేసే పని చీటీ రాయడమే. సంవత్సరానికి ఐదు వరుసల లెక్కన ఆరు వందల వరుసలు, చివర ఒక క్విట్. చుట్టు పోకడ మొత్తాన్ని పైపు ద్వారా గ్రాడ్స్ రాకడకు కలిపేస్తాం. ప్రోగ్రాము మొదలవడానికి చాలా సమయం పట్టే చోట ఇది ఎంతో కలిసొస్తుంది. పైకి చూస్తే ఇదే తెలివైన పని. అయితే ఇందులో రెండు గుంతలున్నాయి.

మొదటిది పాత ముచ్చట్లు మరవకపోవడం. గ్రాడ్స్‌లో ఓపెన్ అన్నప్పుడల్లా పాత ఫైలు మూసుకోదు. కొత్తది రెండో ఫైలుగా, మూడో ఫైలుగా చేరుతుంది. మనం ప్రత్యేకించి చెప్పకపోతే లెక్క తీసేది మాత్రం ఎప్పుడూ ఒకటో ఫైలులోంచే. ఫలితంగా నూటిరవై సంవత్సరాలకూ 1901 వానే వస్తుంది. అన్ని అంకెలూ ఒకేలా కనబడి గుట్టు బయటపడుతుంది, అదృష్టం. ప్రతి సంవత్సరం మొదట్లో రీఇనిట్ అన్న వరుస పెడితే అన్నీ మూసి, మళ్ళీ కొత్తగా మొదలుపెడుతుంది. అక్షాంశం, రేఖాంశం కూడా మరిచిపోతుంది కాబట్టి వాటినీ మళ్ళీ చెప్పాలి. సంవత్సరానికి ఐదు వరుసలు అయ్యింది అందుకే.

రెండోది ఇంకా మెత్తగా కోస్తుంది. గ్రాడ్స్ ఫలితం ఇంత అంటుందే గానీ ఏ సంవత్సరానిదో చెప్పదు. వచ్చిన వరుసలను క్రమంగా 1901, 1902, 1903 పక్కన పేర్చుకుంటాం. మధ్యలో ఒక సంవత్సరం ఫైలు దిగుమతి కాలేదనుకోండి. అక్కడ ఫలితం రాదు, ఒక ఫిర్యాదు వస్తుంది. మనం ఫలితం వరుసలను మాత్రమే ఏరుకుంటాం. ఇక ఆ సంవత్సరం నుంచి కింద ప్రతి ఏడాది వానా ముందటి ఏడాది ఖాతాలో పడుతుంది. అంకెలన్నీ నమ్మేటట్టే ఉంటాయి. కరువు సంవత్సరం ఒక అడుగు జరిగిందని ఎవరు కనిపెట్టగలరు?

అందుకే, ఒక్కో పిలుపుకు క్షణమో రెండు క్షణాలో పట్టే చిన్న ప్రోగ్రాముకు నేను మొదటి పద్ధతికే ఓటేస్తాను. చుట్టు బయట ఉంటే సంవత్సరమూ ఫలితమూ షెల్ చేతిలో జంటగా ఉంటాయి. ఒకటి తప్పితే అదొక్కటే తప్పుతుంది. ఆదా చేసిన మూడు నిమిషాల కోసం లెక్క మీద అనుమానం కొనితెచ్చుకోవడం ఎందుకు? గ్రాడ్స్‌కు దాని సొంత స్క్రిప్టు భాష ఉంది, అన్ని ఏళ్ళ ఫైళ్ళనూ ఒకటే ఫైలు అనిపించే ఏర్పాటు కూడా ఉంది. దాన్నే రోజూ వాడేవాళ్ళు అవి నేర్చుకోవడం మంచిది. చీటీ పద్ధతి మాత్రం గ్రాడ్స్‌కే కాదు, బీసీ అనే లెక్కల ప్రోగ్రాముకూ, గ్నూప్లాట్‌కూ, ఎస్‌క్యూలైట్‌కూ పనికొస్తుంది.

మొదటి పద్ధతిలోనూ ఒక దొంగ ఉన్నాడు. సంవత్సరాల జాబితాను ఒక ఫైలులో రాసుకుని, షెల్ చుట్టు ఆ ఫైలులోంచి ఒక్కో వరుస చదువుకుంటూ తిరుగుతుందనుకుందాం. చుట్టు లోపల ఉన్న ప్రోగ్రాముకు మనం వేరే చీటీ ఇవ్వకపోతే, దాని రాకడ దారి కూడా ఆ జాబితా ఫైలే. షెల్ 1901 తీసుకుని ప్రోగ్రామును పిలుస్తుంది. అది మిగతా నూట పంతొమ్మిది వరుసలనూ తనకిచ్చిన ఆజ్ఞలనుకుని చదివేస్తుంది. 1902 అన్న ఆజ్ఞ నాకు తెలియదంటుంది, 1903 కూడా తెలియదంటుంది. చుట్టు తిరిగొచ్చేసరికి జాబితా ఖాళీ. ఒక్కసారి తిరిగి చుట్టు ఆగిపోతుంది. వేరే కంప్యూటర్లకు దూరం నుంచి చేరే ఎస్‌ఎస్‌హెచ్ ఇలా మింగడంలో పేరుమోసింది, అదీ ఒక్క మాట ఫిర్యాదు లేకుండా. లోపలి ప్రోగ్రాముకు ఏమీ ఇవ్వదలచుకోకపోతే డెవ్ నల్ అనే ఖాళీ ఫైలును దాని రాకడకు కట్టాలి.

వచ్చిన అంకె ఏం చెబుతుంది

చుట్టు సరిగ్గా తిరిగితే నూటిరవై వరుసలు చేతికొస్తాయి. ముందు వరుసలు లెక్కపెట్టాలి. నూటిరవై ఉన్నాయా? ఎక్కడైనా −999 కనబడిందా? అది వాన కాదు, లెక్క లేదన్న గుర్తు. లీపు సంవత్సరాలకు 366 రోజులు కూడామా?

ఆ తరువాత అర్థం చెప్పుకోవడంలో ఒక జాగ్రత్త. ఒక బిందువు దగ్గరి అంకె అంటే చుట్టుపక్కల వానమాపకాలను బట్టి కట్టిన అంచనా. దగ్గరి మాపకం మాటకు ఎక్కువ విలువ, దూరపు మాపకం మాటకు తక్కువ విలువ ఇచ్చి కలుపుతారు. ఏయే కాలంలో ఏయే మాపకాలు పనిచేశాయన్నదాన్ని బట్టి అంచనా గట్టితనం మారుతుంది. కాబట్టి 1910ల అంకెనూ 2010ల అంకెనూ పక్కపక్కన పెట్టి రెండు మిల్లీమీటర్ల తేడా గురించి వాదించుకోకూడదు. ఇప్పుడు కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం హోబళి (తాలూకాలో ఒక భాగం), గ్రామ పంచాయతీ స్థాయిల్లో తమంతట తామే లెక్క పంపే వానమాపకాలు పెట్టింది. మిట్టేమరి హోబళి కేంద్రం కాబట్టి, ఈ మధ్య ఏళ్ళకు అలాంటి లెక్కతో పోల్చి చూసుకోవచ్చు.

ఏడాది మొత్తం ఒక్కటే చూసినా మోసపోతాం. ఈ ప్రాంతానికి నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ కొంత కొంత ఇస్తాయి. ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. 2021 నవంబరులాంటి కుండపోత ఏడాది మొత్తాన్ని పైకి లేపేస్తుంది గానీ, జూలైలో విత్తనం ఎండిన రైతుకు ఆ మొత్తం ఏం చెబుతుంది? చీటీలో రోజుల హద్దులు మార్చి నెలవారీగా అడిగితే చుట్టు పన్నెండు రెట్లు తిరుగుతుంది. కంప్యూటరుకు విసుగు రాదు. ఈ పద్ధతి అసలు లాభం ఇక్కడే తెలుస్తుంది.

చీటీ చాలని చోటు

శెట్టి, కందిబేడలు అయిపోయాయి, పెసరబేడలు ఇమ్మంటావా అని అడిగితే పిల్లవాడు ఏం చేస్తాడు? చీటీలో తరువాతి వరుస చదువుతాడు: ‘రెండు కిలోలు ఉప్పు’. చీటీకి చెవులు లేవు. ఇప్పటిదాకా మనం చేసినదంతా వినకుండా చెప్పడమే. గ్రాడ్స్ ఏమంటున్నా మన తరువాతి వరుస మారదు కాబట్టి అది నడిచింది.

ప్రోగ్రాము అన్నదాన్ని బట్టి జవాబు మారాల్సిన చోట ఇది నడవదు. ఎస్‌ఎస్‌హెచ్ కొత్త కంప్యూటరుకు మొదటిసారి చేరేటప్పుడు, దీని గుర్తింపు ఇదీ, నమ్ముతావా అని అడుగుతుంది. రెండోసారి అడగదు. కనబడిన ప్రతి ప్రశ్నకూ అవునని చెప్పడానికే యూనిక్స్‌లో యెస్ అనే చిన్న ప్రోగ్రాము ఉంది. పైపు అవతలి కొన మూసుకునేదాకా వరుస తరువాత వరుస ‘వై’ అంటూ పోతుంది. డిస్కు బాగుచేసే ప్రోగ్రాము వందసార్లు సరిచెయ్యనా అని అడిగే చోట అది ప్రాణాలు నిలుపుతుంది. ఈ ఫైళ్ళన్నీ చెరిపెయ్యనా అని అడిగే చోట కూడా అదే జవాబిస్తుంది.

వినే చీటీ కావాలంటే ఎక్స్‌పెక్ట్ ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్ లిబ్స్ 1990లో దీన్ని బయటపెట్టాడు. ఫలానా మాట కనబడేదాకా ఆగు, కనబడితే ఇది చెప్పు, దాని బదులు అది కనబడితే అది చెప్పు, ఇంతసేపు ఏదీ రాకపోతే వదిలెయ్యి: ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టులో రాసేది ఇదే.

మరి వినడానికి కొత్త ప్రోగ్రాము ఎందుకు, రెండు పైపులు పెట్టుకుని ఒకదాంట్లో చెబుతూ ఇంకోదాంట్లో వినలేమా? ప్రయత్నిస్తే చాలాసార్లు రెండు వైపులా మౌనం ఆవరిస్తుంది. కారణం పోకడ దారిలో ఉంది. అవతల తెర ఉంటే ప్రోగ్రాము వరుసకు వరుస బయటికి పంపుతుంది, ఎందుకంటే మనిషి చూస్తున్నాడు. అవతల పైపు ఉంటే, ఇది యంత్రాల మధ్య పని కదా అని కొన్ని వేల అక్షరాలు పోగయ్యేదాకా తన దగ్గరే పెట్టుకుని ఒక్కసారి పంపుతుంది. వేగం కోసం చేసిన ఏర్పాటు ఇది, దీన్ని బఫరింగ్ అంటారు. ప్రోగ్రాము ప్రశ్న దాని కడుపులోనే ఉంటుంది. జవాబు కోసం అది ఎదురుచూస్తుంది, ప్రశ్న కోసం మనం ఎదురుచూస్తాం. చీటీ పద్ధతిలో ఈ చిక్కు రాదు, ఎందుకంటే అక్కడ మనం దేనికీ ఎదురుచూడం. చివర్లో ప్రోగ్రాము మూసుకునేటప్పుడు మిగిలినదంతా కుమ్మరిస్తుంది.

ఎక్స్‌పెక్ట్ ఈ చిక్కును దాటడానికి ఒక నకిలీ తెరను అడ్డం పెడుతుంది. సూడో టెర్మినల్ అని దానికి పేరు. కంప్యూటరు లోపలే ఉండే తెర అది, గాజూ లేదు, మీటలూ లేవు. ప్రోగ్రాము తన దారుల కొన ఏమిటని తడిమి చూసుకుంటే తెరే తగులుతుంది. మనిషి ఉన్నాడనుకుని వెంట వెంటనే మాట్లాడుతుంది.

పాస్‌వర్డు అడిగే ప్రోగ్రాములకు కూడా ఈ నకిలీ తెరే అవసరం అవుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు పైపులో పాస్‌వర్డు పెట్టి పంపితే అది పట్టించుకోదు. పాస్‌వర్డు కోసం రాకడ దారిని వదిలేసి, డెవ్ టీటీవై అనే పేరుతో ఉండే తెరను నేరుగా తెరిచి అక్కడ అడుగుతుంది. ఇది లోపం కాదు, కావాలని చేసింది. పాస్‌వర్డు స్క్రిప్టులో రాసి ఉంటే ఆ ఫైలు చూసిన ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. ఎక్స్‌పెక్ట్‌తో ఈ తలుపును తోసుకుని పోవచ్చు, పోయేవాళ్ళూ ఉన్నారు. ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేసినవాళ్ళు మాత్రం దానికి వేరే దారి పెట్టారు. తాళం, తాళంచెవి అనే రెండు ఫైళ్ళు తయారుచేసుకుని, తాళాన్ని అవతలి కంప్యూటరులో, చెవిని మన దగ్గర ఉంచుకుంటే అది పాస్‌వర్డే అడగదు. అప్పుడు చుట్టు ఎన్నిసార్లు తిరిగినా అక్కడ ఆగదు.